విండోస్ 11కి అప్‌గ్రేడ్ అయ్యాక ల్యాప్‌టాప్‌లో వైఫై పోయిందా? రీసెట్ కొట్టే ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి

రాత్రి తొమ్మిదింటికి ఉప్పాడ నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. మా పెద్దమ్మ కొడుకు, కాకినాడలో బీటెక్ ఫైనల్ ఇయర్ చదువుతున్నాడు. "అన్నయ్యా, సాయంత్రం విండోస్ 11కి అప్‌గ్రేడ్ చేశాను. ఇప్పుడు వైఫై గుర్తే కనపడట్లేదు. రేపు పొద్దున్న పదింటికి ఆన్‌లైన్‌లో ప్లేస్‌మెంట్ టెస్ట్ ఉంది" అన్నాడు. వెనక నుంచి పెద్దమ్మ గొంతు వినిపిస్తోంది. "ఉప్పుగాలికి పాడైపోయుంటదిరా. ఇనప గేట్లనే తినేస్తంది ఈ గాలి, కంప్యూటరెంత!"

పెద్దమ్మ మాటలో నిజం లేకపోలేదు. సముద్రం పక్కన ఉండే ఊళ్ళలో ఉప్పు తేమ వల్ల ఎలక్ట్రానిక్ వస్తువుల లోపలి మెటల్ భాగాలు త్వరగా తుప్పు పడతాయి. కానీ సాయంత్రం ఐదింటి వరకు బాగా పనిచేసిన వైఫై, అప్‌గ్రేడ్ అయిన గంటలోనే మాయమైందంటే ముందు అనుమానించాల్సింది గాలిని కాదు, సాఫ్ట్‌వేర్‌ని. ఆ గంటలో మారింది అదొక్కటే కదా.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆపేసింది. దాంతో పాత ల్యాప్‌టాప్‌లు వాడుతున్న చాలామంది విండోస్ 11కి మారుతున్నారు. మీరూ అలా మారి వైఫై దగ్గర ఇరుక్కుపోయి ఉంటే ఈ ఆర్టికల్ మీకోసమే.

అసలు అప్‌గ్రేడ్‌కి, వైఫైకి సంబంధం ఏంటి?

ల్యాప్‌టాప్ లోపల వైఫై కోసం ఒక చిన్న కార్డ్ ఉంటుంది. అది ఏ భాషలో మాట్లాడుతుందో ఆపరేటింగ్ సిస్టమ్‌కి నేరుగా తెలియదు. మధ్యలో దుబాసీలా పనిచేసే సాఫ్ట్‌వేరే డ్రైవర్. అప్‌గ్రేడ్ చేసినప్పుడు విండోస్ పాత డ్రైవర్‌ని అలాగే తెచ్చుకోవచ్చు, లేదా తన దగ్గరున్న మామూలు డ్రైవర్‌ని పెట్టేయొచ్చు. ఈ రెండింటిలో ఏది మీ కార్డ్‌కి సరిపడకపోయినా వైఫై ఆగిపోతుంది. కార్డ్ బాగానే ఉంటుంది, రూటర్ బాగానే ఉంటుంది, మధ్యలో దుబాసీ మాత్రం ఉండడు.

డ్రైవర్ ఒక్కటే కారణం కాదు. పాత వీపీఎన్, యాంటీవైరస్ లాంటివి నెట్‌వర్క్ దారిలో తమ ఫిల్టర్ డ్రైవర్లను పెడతాయి. 2015లో విండోస్ 8.1 నుంచి విండోస్ 10కి వచ్చిన కొందరికి వైఫై నెట్‌వర్క్‌లు అసలు కనపడకపోవడానికి కారణం ఇదే. కొత్త విండోస్‌తో పొసగని పాత వీపీఎన్ సాఫ్ట్‌వేర్ లోపలే ఉండిపోయింది. పదేళ్ళు దాటినా సూత్రం మారలేదు.

ముందు రేపటి పని కాపాడుకోండి

తమ్ముడికి నేను మొదట చెప్పింది రిపేర్ గురించి కాదు. "ముందు ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి పెట్టు" అన్నాను.

ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. ఫోన్ ఒక కొత్త నెట్‌వర్క్ అడాప్టర్‌లా కనిపిస్తుంది, దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది. ల్యాప్‌టాప్ వైఫై కార్డ్‌తో దీనికి పనే లేదు. ఇంకో మంచి విషయం ఏంటంటే, ఫోన్ ఇంటి వైఫైకి కనెక్ట్ అయి ఉంటే చాలా ఫోన్లు ఆ వైఫైనే కేబుల్ ద్వారా ల్యాప్‌టాప్‌కి ఇస్తాయి. మొబైల్ డేటా ఖర్చు కాదు. ఐఫోన్ అయితే విండోస్‌లో ఆపిల్ సాఫ్ట్‌వేర్ ముందే ఇన్‌స్టాల్ అయి ఉంటేనే ఇది సాఫీగా జరుగుతుంది, కాబట్టి ఇంట్లో ఒక ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే దాన్ని తీసుకోండి.

ఒకటి గుర్తుంచుకోండి. ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్స్ ఉంటాయి. టెథరింగ్ ఆప్షన్ బూడిద రంగులో ఉండి నొక్కినా పనిచేయకపోతే కేబుల్ మార్చి చూడండి.

ఇది పనిచేస్తే మీ కంగారు సగం తగ్గిపోతుంది. వైఫై ఈ రాత్రికి రాకపోయినా రేపటి టెస్ట్ ఆగదు. పైగా డ్రైవర్ డౌన్‌లోడ్ చేయాలంటే ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ కావాలంటే డ్రైవర్ కావాలి అనే చిక్కుముడి కూడా విడిపోతుంది.

ఇప్పుడు మూడు ప్రశ్నలు

చాలామంది చేసే తప్పేంటంటే, వీడియోలో చూసిన పది చిట్కాలూ వరసగా కొట్టేయడం. ఉప్పాడలో జాంధానీ నేసేవాళ్ళ ఇంట్లో పెరిగిన తమ్ముడికి నేను వేరే చెప్పక్కర్లేదు. మగ్గం మీద ఒక పోగు తెగితే పడుగంతా కోసేయరు. తెగిన పోగు ఎక్కడుందో వెతికి, దాన్నే ముడేస్తారు. ఇక్కడా అంతే.

ఒకటో ప్రశ్న: సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ తెరిస్తే అసలు వైఫై అనే ఆప్షన్ ఉందా?
రెండో ప్రశ్న: ఆప్షన్ ఉంటే, మీ ఇంటి నెట్‌వర్క్ లిస్టులో కనిపించి కనెక్ట్ అవుతోందా?
మూడో ప్రశ్న: కనెక్ట్ అయితే, ఇంటర్నెట్ వస్తోందా?

మొదట "లేదు" అని ఎక్కడ వచ్చిందో అక్కడ ఆగండి. మీ సమస్య అక్కడుంది.

ఒకటో ప్రశ్నకి "లేదు" అయితే: కార్డ్, డ్రైవర్ సంగతి

1. ముందు రీస్టార్ట్ చేయండి, షట్‌డౌన్ కాదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ చేసినా సిస్టమ్ లోపలి భాగం డిస్క్‌లో దాచి ఉంటుంది, మళ్ళీ ఆన్ చేసినప్పుడు అదే పాత స్థితి లేస్తుంది. డ్రైవర్లన్నీ మొదటి నుంచి లోడ్ అయ్యేది రీస్టార్ట్‌లోనే.

2. అయినా రాకపోతే కరెంట్ పూర్తిగా ఖాళీ చేయండి. ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, ఛార్జర్ పీకేసి, బ్యాటరీ ఊడొచ్చేదైతే అది కూడా తీసేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత ఛార్జర్ పెట్టి ఆన్ చేయండి. బిగుసుకుపోయిన వైఫై కార్డ్ దీంతో కొత్తగా మొదలవుతుంది. వినడానికి నాటు వైద్యంలా ఉన్నా చాలాసార్లు పనిచేస్తుంది.

3. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డివైస్ మేనేజర్ తెరవండి. నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై లేదా వైర్‌లెస్ అనే పేరుతో ఏదైనా ఉందా? ఉంటే దాని మీద పసుపు త్రికోణం ఉందా? డబుల్ క్లిక్ చేస్తే "కోడ్ 10" కనిపిస్తే ఆ డివైస్ మొదలవలేకపోతోందని అర్థం. పేరుకు కింది వైపు బాణం గుర్తు ఉంటే అది డిసేబుల్ అయింది, రైట్ క్లిక్ చేసి ఎనేబుల్ చేస్తే చాలు. పేరే లేకపోతే అదర్ డివైసెస్ కింద "నెట్‌వర్క్ కంట్రోలర్" అని ఉందేమో చూడండి. అంటే కార్డ్ కనపడుతోంది, డ్రైవర్ మాత్రం లేదు.

4. ఆ కార్డ్ ఎవరిదో తెలుసుకోండి. రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్ ట్యాబ్, అందులో హార్డ్‌వేర్ ఐడీస్ ఎంచుకోండి. అక్కడ వీఈఎన్ అనే మూడు ఇంగ్లిష్ అక్షరాల తర్వాత నాలుగు స్థానాల కోడ్ ఉంటుంది. 8086 ఉంటే ఇంటెల్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్, 14సీ3 ఉంటే మీడియాటెక్, 168సీ ఉంటే క్వాల్‌కామ్ ఆథెరోస్. ఈ నాలుగు అక్షరాలు తెలిస్తే తప్పు డ్రైవర్ దింపుకునే ప్రమాదం తప్పుతుంది.

5. ఇప్పుడు ల్యాప్‌టాప్ కంపెనీ సపోర్ట్ పేజీలో మీ మోడల్ నంబర్ కొట్టి, విండోస్ 11కి ఉన్న వైర్‌లెస్ డ్రైవర్ దింపుకోండి. మోడల్ నంబర్ ల్యాప్‌టాప్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. విండోస్ 11కి డ్రైవర్ లేకపోతే అదే కార్డ్‌కి ఉన్న విండోస్ 10 డ్రైవర్ కూడా చాలాసార్లు పనిచేస్తుంది. ఇంకో దారి: సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆప్షనల్ అప్‌డేట్స్. అక్కడ డ్రైవర్ అప్‌డేట్స్ కింద వైఫై డ్రైవర్ ఉండొచ్చు.

"ఒక్క క్లిక్‌తో డ్రైవర్లన్నీ అప్‌డేట్" అని చెప్పే సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం వెళ్ళొద్దు. మనకి కావాల్సింది ఒక్క డ్రైవర్. అవి పది మార్చేసి, వాటితో పాటు అడగని యాప్స్ కూడా దింపుతాయి.

6. డ్రైవర్ అప్‌గ్రేడ్‌కి ముందు బాగుండి, తర్వాత వచ్చిన కొత్త వెర్షన్‌తోనే చెడిపోయిందనిపిస్తే, ప్రాపర్టీస్‌లో డ్రైవర్ ట్యాబ్‌లోని రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ బూడిద రంగులో ఉంటే పాతది దాచి లేదని అర్థం.

రెండో ప్రశ్నకి "లేదు" అయితే: రూటర్, ల్యాప్‌టాప్ మధ్య పొరపొచ్చం

వైఫై ఆన్ అవుతోంది, పక్కింటివాళ్ళ నెట్‌వర్క్ కూడా కనిపిస్తోంది, మనది మాత్రం కనెక్ట్ కావట్లేదు. అలాంటప్పుడు డ్రైవర్ కంటే ముందు వీటిని చూడండి.

నెట్‌వర్క్‌ని మర్చిపోమనండి. సెట్టింగ్స్‌లో వైఫై, మేనేజ్ నోన్ నెట్‌వర్క్స్‌లోకి వెళ్ళి మీ నెట్‌వర్క్ పక్కన ఫర్‌గెట్ నొక్కి, మళ్ళీ పాస్‌వర్డ్ ఇచ్చి కనెక్ట్ అవ్వండి. పాత విండోస్ నుంచి వచ్చిన సెక్యూరిటీ వివరాలు పొసగకపోతే ఇది సరిచేస్తుంది.

రూటర్ సెక్యూరిటీ చూడండి. చాలా ఏళ్ళ క్రితం పెట్టిన రూటర్లలో వెప్, టీకేఐపీ అనే పాత పద్ధతులు ఇంకా ఆన్‌లో ఉంటాయి. ఇవి సురక్షితం కాదని మైక్రోసాఫ్ట్ వాటిని దశలవారీగా పక్కన పెడుతోంది. రూటర్ పేజీలో డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఎంచుకోండి. రూటర్‌లో డబ్ల్యూపీఏ3 మాత్రమే పెట్టి ఉండి ల్యాప్‌టాప్ కార్డ్ పాతదైతే, డబ్ల్యూపీఏ2, 3 రెండూ ఉండే మిక్స్‌డ్ మోడ్ పెట్టండి.

రెండు బ్యాండ్లకు వేరు వేరు పేర్లు పెట్టి చూడండి. 2.4 గిగాహెర్ట్జ్‌కి కనెక్ట్ అవుతూ 5 గిగాహెర్ట్జ్‌కి కాకపోతే సమస్య బాగా ఇరుకైంది అన్నమాట. 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి బాగా బలహీనపడుతుంది. వేరే గదిలో కూర్చుని "అప్‌గ్రేడ్ చెడగొట్టింది" అనుకునేవాళ్ళూ ఉన్నారు. రూటర్ పక్కన కూర్చుని ఒకసారి చూడండి.

కాలేజీ, హాస్టల్ నెట్‌వర్క్ అయితే ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ ఆప్షన్ ఆఫ్‌లో ఉందో లేదో చూడండి. మీ ల్యాప్‌టాప్ అడ్రస్ రిజిస్టర్ చేసుకుని లోపలికి వదిలే నెట్‌వర్క్‌లు, అడ్రస్ మారితే మిమ్మల్ని గుర్తుపట్టవు.

ఇంట్లో వైఫై వస్తూ కాలేజీలో మాత్రం రాకపోతే తప్పు మీది కాకపోవచ్చు కూడా. 2023 డిసెంబర్‌లో విండోస్ 11కి వచ్చిన అప్‌డేట్స్ తర్వాత సరిగ్గా ఇదే జరిగింది. ఆఫీసులు, కాలేజీలు వాడే 802.1ఎక్స్ పద్ధతి నెట్‌వర్క్‌లలో కొన్ని కార్డ్‌లకి వైఫై ఆగిపోయింది, ఇళ్ళలో మాత్రం పెద్దగా ఇబ్బంది రాలేదు. మైక్రోసాఫ్ట్ ఆ తప్పును ఒప్పుకుని, ఆ ఒక్క మార్పును దూరం నుంచే వెనక్కి తీసుకుంది. అందుకే గంటలకొద్దీ కుస్తీ పట్టే ముందు, విండోస్ రిలీజ్ హెల్త్ పేజీలో మీ వెర్షన్‌కి తెలిసిన సమస్యలు ఏమున్నాయో ఒకసారి చూడండి.

మూడో ప్రశ్నకి "లేదు" అయితే: కనెక్టెడ్, నో ఇంటర్నెట్

ముందు ఫోన్‌ని అదే వైఫైకి పెట్టి చూడండి. ఫోన్‌లోనూ రాకపోతే ల్యాప్‌టాప్‌ని వదిలేయండి, సమస్య రూటర్‌దో లైన్‌దో. ఫోన్‌లో వస్తూ ల్యాప్‌టాప్‌లో రాకపోతే ఈ నాలుగూ చూడండి.

వైఫై ప్రాపర్టీస్‌లో ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతోందా? అంటే రూటర్ మీకు అడ్రస్ ఇవ్వలేదు, విండోస్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. ఐపీ అసైన్‌మెంట్‌ని ఆటోమేటిక్ చేసి, రూటర్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి.

డీఎన్ఎస్ దగ్గర గతంలో మీరు ఏదైనా పెట్టి ఉంటే దాన్నీ ఆటోమేటిక్ చేయండి.

పాత వీపీఎన్, యాంటీవైరస్ ఉంటే డిసేబుల్ చేయడం సరిపోదు, అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి. 2015 నాటి పాఠం ఇదే. ప్రాక్సీ ఆఫ్‌లో ఉందో లేదో కూడా చూడండి.

తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయా? టైమ్ తప్పైతే సైట్ల సెక్యూరిటీ సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అడ్డం తిరుగుతుంది. నెట్ లేదేమో అనిపిస్తుంది కానీ ఉంటుంది.

ఇవేవీ పనిచేయకపోతే: చివరి అస్త్రాలు

నెట్‌వర్క్ రీసెట్: అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. అన్ని నెట్‌వర్క్ అడాప్టర్లను తీసేసి మళ్ళీ పెడుతుంది. దాంతో పాటు దాచిన వైఫై పాస్‌వర్డ్‌లు, వీపీఎన్ సెట్టింగ్స్ అన్నీ పోతాయి. డ్రైవరే తప్పైతే రీసెట్ దాన్ని కొత్తగా తెచ్చి ఇవ్వదు. అందుకే దీన్ని ఇంత కింద పెట్టాను.

లైనక్స్ పరీక్ష: ఉబుంటుని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై" మోడ్‌లో ఆన్ చేయండి. అక్కడ వైఫై వస్తే కార్డ్ బతికే ఉంది, తప్పు విండోస్ వైపు ఉంది. అక్కడా కార్డ్ జాడే లేకపోతే అప్పుడు ఉప్పుగాలినో, లోపల ఊడిన కనెక్టర్‌నో అనుమానించి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి.

గో బ్యాక్: సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలో ఉంటుంది. అప్‌గ్రేడ్ అయిన 10 రోజుల లోపే పాత విండోస్‌కి వెళ్ళొచ్చు. మీ ఫైల్స్ ఉంటాయి కానీ అప్‌గ్రేడ్ తర్వాత పెట్టుకున్న యాప్స్, సెట్టింగ్స్ పోతాయి. ముందు బ్యాకప్ తీసుకోండి. ఇంకో జాగ్రత్త: స్పేస్ కోసం డిస్క్ క్లీనప్‌లో ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టాలేషన్‌ని డిలీట్ చేస్తే ఈ దారి మూసుకుపోతుంది. వెనక్కి వెళ్ళినా విండోస్ 10లో శాశ్వతంగా ఉండలేరు. మైక్రోసాఫ్ట్ ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్‌లో చేరిన ఇంటి వినియోగదారులకు కూడా ఆ అప్‌డేట్స్ 2026 అక్టోబర్ 13 వరకే.

యూఎస్‌బీ వైఫై అడాప్టర్: కార్డ్‌కి విండోస్ 11 డ్రైవర్ ఎప్పటికీ రాదని తేలితే ఇది తేలికైన దారి. చాలా ల్యాప్‌టాప్‌లలో లోపలి కార్డ్ కూడా మార్చొచ్చు, కానీ కొన్నింటిలో అది బోర్డ్‌కే అతికించి ఉంటుంది, కొనే ముందు కనుక్కోండి.

అప్‌గ్రేడ్ ఇంకా చేయలేదా? ఇది పది నిమిషాల పని

వైఫై డ్రైవర్ సెటప్ ఫైల్‌ని ముందే దింపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. డివైస్ మేనేజర్‌లో ఇప్పుడు పనిచేస్తున్న డ్రైవర్ వెర్షన్, తేదీ ఫోటో తీసుకోండి. పాత వీపీఎన్ తీసేయండి. వైఫై పాస్‌వర్డ్ ఎక్కడైనా రాసుకోండి. అన్నిటికంటే ముఖ్యం, ఎగ్జామ్‌కో ఇంటర్వ్యూకో ముందు రోజు సాయంత్రం అప్‌గ్రేడ్ బటన్ నొక్కొద్దు.

ఇంతకీ తమ్ముడి సంగతేంటి?

వాడికి ఒకటో ప్రశ్న దగ్గరే "లేదు" వచ్చింది. నాకు ఫోన్ చేసే ముందే నెట్‌వర్క్ రీసెట్ రెండుసార్లు కొట్టేశాడు. డివైస్ మేనేజర్‌లో పసుపు త్రికోణం, లోపల కోడ్ 10. పవర్ బటన్ నొక్కి పట్టుకున్నా లాభం లేకపోయింది. డ్రైవర్ తేదీ చూస్తే ల్యాప్‌టాప్ కొన్నప్పటిదే, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా మారలేదు. యూఎస్‌బీ టెథరింగ్ మీద మోడల్ నంబర్ కొట్టి, విండోస్ 11 డ్రైవర్ దింపి, ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేసేసరికి పదింబావు అయింది. వైఫై గుర్తు తిరిగొచ్చింది.

తీరా కనెక్ట్ అవుదామంటే పాస్‌వర్డ్ లేదు. రీసెట్ కొట్టినప్పుడే పోయింది. రూటర్ కింద స్టిక్కర్ చెమ్మకి చెరిగిపోయింది. అదృష్టం కొద్దీ పెద్దమ్మ చీరల లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసుంచింది. మీ ఇంట్లో అలాంటి పుస్తకం లేకపోతే, అదే వైఫైకి కనెక్ట్ అయి ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆ నెట్‌వర్క్ మీద నొక్కి షేర్ అనండి. చాలా ఫోన్లలో క్యూఆర్ కోడ్ కింద పాస్‌వర్డ్ కూడా చూపిస్తుంది.

మర్నాడు టెస్ట్ రాశాడు. వైఫై బాగానే ఉన్నా, ఫోన్ మాత్రం కేబుల్‌తో పక్కనే పెట్టుకున్నాడట. ఆ తెలివి నేను చెప్పలేదు, వాడికే వచ్చింది.